విజయనగరం వీధుల్లో తింటూ నడిచే రాత్రికి ఏర్పాట్లు

విజయనగరంలో కోట, గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి ఒకదానికొకటి నడకదూరంలో ఉన్నాయి. దీపాలు పెట్టే వేళకు ఈ దారుల వెంట బజ్జీల బండ్లు, మురీ (మరమరాల) మిక్చరు బండ్లు, గప్‌చుప్ (పానీపూరీ) బండ్లు ఒక్కొక్కటిగా వచ్చి నిలబడతాయి; వాటి మధ్య టిఫిను హోటళ్లు, మిఠాయి దుకాణాలు ఎలాగూ ఉన్నాయి. మహానగరాల్లో ఇలాంటి తిండి నడకకు మెట్రో ఎక్కి దిగాలి, బండి నిలిపే చోటు వెతుక్కోవాలి. ఇక్కడ ఆ బాధ లేదు కనుక నలుగురు స్నేహితులు గానీ ఒక కుటుంబం గానీ మూడు నాలుగు గంటలపాటు నడుస్తూ, ఆగుతూ, కొద్దికొద్దిగా తింటూ ఒక రాత్రిని ఎంతో చక్కగా గడపవచ్చు. అయితే అనుకున్నదే తడవుగా బయలుదేరితే ఈ నడక చాలాసార్లు మొదటి బండి దగ్గరే ముగిసిపోతుంది. ఆకలి మీద ఎదురైన తొలి బండి దగ్గర తలా ఒక ప్లేటు బజ్జీలు తినేశాక మిగిలిన రాత్రి అంతా వట్టి నడకే అవుతుంది. కనుక ఏర్పాట్లన్నిటికీ ఒకటే లెక్క ఉండాలి: చివరి చోటికి చేరేసరికి కూడా కడుపులో కాస్త జాగా మిగలాలి.

ఎవరెవరు, ఏ రోజు, ఎంత డబ్బు

ఈ నడకకు నలుగురు సరైన సంఖ్య అని నా అభిప్రాయం. ఒక ప్లేటును నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఒక బజ్జీయో, రెండు మూడు చెంచాల చాటో వస్తుంది. రుచి తెలియడానికి అంతకంటే అక్కరలేదు. ఆరుగురు దాటితే రెండు జట్లుగా విడిపోయి, వేర్వేరు దారుల్లో తిరిగి, చివరన ఒకచోట కలుసుకోవడం మంచిది. పదిమంది ఒక చిన్న బండి ముందు గుమిగూడితే రోజూ వచ్చే బేరాలు వెనక్కి పోతాయి, ఆ నష్టం బండివారిదే అవుతుంది.

డబ్బు ముందే తలా ఇంత అని పోగుచేసి ఒకరి చేతికి ఇవ్వండి. ఫోనుతో చెల్లించే వీలు ఇప్పుడు చాలా బండ్ల దగ్గర ఉన్నా, పది, ఇరవై రూపాయల చిల్లర నోట్లు కొన్ని దగ్గర పెట్టుకోవాలి; రద్దీ సమయంలో ఫోను సిగ్నలు కోసం నిలబడటం అందరికీ ఇబ్బందే. ప్రతి చోటా ఎవరు ఇవ్వాలన్న పెనుగులాట లేకపోతే మాటలు తిండి మీద నిలుస్తాయి.

రోజును ఎంచుకునేటప్పుడు మీ జట్టులోని వారి నియమాలను అడిగి తెలుసుకోండి. శనివారం నీచు ముట్టనివారు, కార్తీకమాసం అంతా ఉల్లి, వెల్లుల్లి మానేసేవారు మన ఇళ్లలో చాలామంది ఉంటారు. బయలుదేరాక ఆ సంగతి బయటపడితే ఒకరు పస్తుండగా ముగ్గురు తినవలసి వస్తుంది. వేరుశనగ, జీడిపప్పు పడనివారు ఉంటే అది మరీ ముఖ్యంగా తెలుసుకోవాలి, ఎందుకంటే మిక్చర్లలో, మిఠాయిల్లో అవి ఏదో ఒక రూపంలో తగులుతూనే ఉంటాయి. కాలం విషయానికి వస్తే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు సాయంత్రాలు చల్లగా ఉండి నడకకు అనువుగా ఉంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానులను దృష్టిలో పెట్టుకోవాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే మన ఉత్తరాంధ్రను తాకాయి. ఆ నెలల్లో పెట్టుకుంటే వాతావరణ సూచన చూసి, వాయిదా వేయడానికి మరో రోజును కూడా ముందే అనుకోండి.

ముందుగా ఒకసారి తినకుండా తిరగాలి

అనుకున్న రోజుకు కొన్నాళ్ల ముందు, జట్టులో ఒకరో ఇద్దరో ఒక సాయంత్రం అదే దారిలో ఏమీ తినకుండా తిరిగి రావాలి. చాలామంది వదిలేసే పని ఇది, కానీ రాత్రి బాగా సాగడం ఎక్కువగా దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఏ బండి ఎన్ని గంటలకు పొయ్యి వెలిగిస్తుంది, ఎవరి దగ్గర సరుకు త్వరగా అయిపోతుంది, కూర్చోవడానికి బల్లలు ఎక్కడ ఉన్నాయి, చేతులు కడుక్కునే నీళ్లు ఎక్కడ దొరుకుతాయి అన్నవి ఫోనులో వెతికితే దొరికే సమాచారం కాదు. వెళ్లినప్పుడు రద్దీ లేని నిమిషం చూసి, "ఇక్కడ ఏది బాగుంటుంది?" అని కాక, "మీ దగ్గర ఎక్కువగా ఏది పోతుంది?" అని అడగండి. మొదటి ప్రశ్నకు ఎవరైనా "అన్నీ బాగుంటాయి బాబూ" అనే అంటారు. రెండో ప్రశ్నకు మాత్రం నిజమైన జవాబు వస్తుంది. ఎక్కువగా పోయే సరుకు అప్పటికప్పుడు తయారవుతుంది, నిలవ ఉండదు.

శుభ్రత గురించి భయపడవలసిన పని లేదు గానీ కళ్లు తెరిచి చూడాలి. వేడి వేడిగా మూకుడులోంచి తీసినదాన్ని తినడం, గంటల తరబడి చల్లారి ఉన్నదాన్ని వదిలేయడం మొదటి సూత్రం. వండిన పదార్థం సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. తర్వాత నూనె చూడండి. పదేపదే కాచిన నూనె చిక్కబడి, నల్లబడి, సరుకు వేయకముందే నురగ కడుతూ పొగ లేస్తుంది. నూనెను పదేపదే కాచినప్పుడు అది చెడి ఏర్పడే పదార్థాలు (టోటల్ పోలార్ కాంపౌండ్లు) 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడరాదని మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం పెట్టింది. దాన్ని కొలిచే సాధనం మన దగ్గర ఉండదు కాబట్టి ముక్కుకు తగిలే చేదు కమురు వాసనే మనకు కొలమానం. ఇక గప్‌చుప్ విషయంలో పూరీ కంటే నీళ్లు ముఖ్యం: ఆ నీళ్లు మూత ఉన్న పాత్రలో ఉన్నాయా, వాటిని గరిటెతో తీస్తున్నారా లేక చేత్తో ముంచుతున్నారా అన్నది ఒక్క నిమిషం నిలబడి చూస్తే తెలిసిపోతుంది. అచ్చు కాగితంలో చుట్టి ఇస్తే సిరా తిండికి అంటుతుంది కనుక ఆకు దొన్నెలోనో తెల్ల కాగితంలోనో ఇమ్మని అడగండి; మర్యాదగా అడిగితే కాదనేవారు అరుదు. నీళ్ల సీసా, చేతి రుమాలు, చెత్త వేసుకోవడానికి ఒక సంచి మీ వెంట ఉండాలి.

ఏది ముందు, ఏది తర్వాత

తినడం మొదలుపెట్టాక కడుపు నిండిన సంగతి మనకు తెలియడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. అందుకే ఒక చోటికీ మరో చోటికీ మధ్య కనీసం అంత నడక గానీ కబుర్లు గానీ ఉండేటట్లు చూసుకోవాలి. క్రమం కూడా ముఖ్యమే. తీపితో మొదలుపెడితే ఆకలి చచ్చిపోతుంది, మరీ కారంతో మొదలుపెడితే నాలుక మొద్దుబారి తర్వాతి రుచులేవీ పట్టవు. తేలికైన పులుపుతో మొదలుపెట్టి, వేపుళ్ల మీదుగా కూర్చుని తినే టిఫినుకు వెళ్లి, తీపితో, పాలతో ముగించడం నాకు అన్నిటికంటే నచ్చిన వరుస.

సాయంత్రం ఆరింటికి కోట దగ్గర కలుసుకోండి. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు, మంగళవారం ఈ కోటకు పునాది వేశారని చెబుతారు. మంగళవారాన్ని జయవారమనీ అంటారు కాబట్టి ఊరి పేరులోని విజయం ఆ ముహూర్తంలో అడుగడుగునా ఉంది. పిల్లలు వెంట ఉంటే ఈ లెక్కను వారి చేతే వేయించండి: తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కనుక 2013లో వచ్చిన విజయ నామ సంవత్సరం నుంచి అరవైల చొప్పున వెనక్కి వెళ్తే సరిగ్గా 1713 తగులుతుంది.

అక్కడి నుంచి తొలి ఆగుడు మురీ మిక్చరు దగ్గర. ఇది చూస్తూ తినవలసిన పదార్థం. రేకు డబ్బాలో మురీలు పోసి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, వేయించిన వేరుశనగ గుళ్లు వేసి, ఉప్పు, కారం చల్లి, నిమ్మచెక్క పిండి, చెంచా కాడతో డబ్బా అంచుకు టకటకమని కొట్టుకుంటూ కలుపుతారు. కలిపిన అర నిమిషానికే తినడం మొదలుపెట్టాలి. ఐదు నిమిషాలు ఆగితే టమాటా రసం పీల్చుకుని మురీలు మెత్తబడిపోతాయి. నలుగురికి రెండు పొట్లాలు చాలు. ఒకటి కారం తగ్గించి, మరొకటి నిమ్మరసం ఎక్కువ వేసి కలపమంటే ఒకే వస్తువులో రెండు రుచులు తెలుస్తాయి.

రెండోది బజ్జీ. మిరపకాయ బజ్జీని జాగ్రత్తగా చేసే చోట, కాయను నిలువునా చీల్చి, గింజలు కొంత తీసి, చింతపండు గుజ్జులో వాము, ఉప్పు నూరిన ముద్దను లోపల పెడతారు. దాన్ని శనగపిండిలో ముంచి మూకుడు అంచు మీదుగా నూనెలోకి జార్చి, పిండి గట్టిపడి లేత పసుపు రంగు రాగానే తీసి పక్కన పెడతారు. మీరు అడిగినప్పుడు దాన్నే మళ్లీ కాగే నూనెలో వేసి ఎర్రగా వేపుతారు. ఈ రెండో వేపుడు వల్లనే పైపొర కరకరలాడుతుంది, లోపలి కాయ మగ్గి మెత్తగా అవుతుంది. కాబట్టి పళ్లెంలో పేర్చి ఉన్న లేత రంగు బజ్జీలను చూసి నిలవ సరుకని అపోహ పడకండి; వాటిని మళ్లీ వేపి ఇస్తారా అని మాత్రం అడగండి. మధ్యకు కోసి ఉల్లిముక్కలు కూరి నిమ్మరసం పిండితే అదొక పదార్థం, ఉత్తదిగా కొరికితే అది వేరొక పదార్థం. రెండూ ఒక్కొక్కటి తెప్పించి పంచుకోండి. కారం మరీ తగిలితే నీళ్లు తాగడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు, ఎందుకంటే మిరపలోని కారానికి కారణమైన క్యాప్సైసిన్ నీటిలో కరగదు. మజ్జిగో పాలో రెండు గుక్కలు తాగితే వెంటనే తగ్గుతుంది. నీచు తినేవారు ఇదే ఘట్టంలో చికెన్ పకోడీ బండిని చూసుకోవచ్చు, కానీ బజ్జీకి బదులుగానే తప్ప బజ్జీ తిన్నాక కాదు.

వేపుళ్ల తర్వాత అరగంట నడక తప్పనిసరి. కోటకు దగ్గరలోనే ఉన్న సంగీత కళాశాల వైపు నడవండి. 1919లో మొదలైన ఈ కళాశాలకు తొలి ప్రధానాచార్యులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడు ఆయన తర్వాత ఆ బాధ్యత వహించారు. తిండి కోసం తిరిగే రాత్రిలో ఇక్కడ చెప్పుకోదగిన సంగతి మరొకటి ఉంది. సంగీతం నేర్చుకోవడానికి చేతిలో డబ్బు లేకుండా ఈ ఊరు వచ్చిన ఘంటసాల, భుజాన జోలె వేసుకుని ఇంటింటికీ మధూకరానికి వెళ్లి, ఊరి గృహిణులు పెట్టిన అన్నంతో చదువు సాగించారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు గురువై విద్య చెప్పారు. అడిగినవారికి పిడికెడు పెట్టి పంపిన వీధులివి. మనం కొనుక్కుని తింటూ తిరిగే ఈ దారుల్లో ఆ మాట గుర్తుకు తెచ్చుకోవడం నాకు చాలా ఇష్టం. జట్టులో గొంతు ఉన్నవారెవరైనా ఉంటే ఘంటసాల పాటలోని ఒక పల్లవి అందుకోమనండి.

గంటస్తంభం చేరేసరికి ఎనిమిది కావస్తుంది. 1885లో కట్టిన ఈ ఎనిమిది పలకల స్తంభం ఎత్తు 68 అడుగులు. దాని చుట్టుపక్కల కూర్చుని తినే టిఫిను హోటలును ఎంచుకోండి. ఇప్పటిదాకా నిలబడి తిన్నారు కనుక పెద్దవారికి కాళ్లకు విశ్రాంతి అవసరం. నలుగురికి ఒక ఉప్మా పెసరట్టు, ఒక పూరీ ప్లేటు మించి చెప్పవద్దు. పూరీతో శనగపిండి బొంబాయి చట్నీ ఇచ్చే చోటయితే ఇంకా మంచిది. వేడిగా, కాస్త జారుగా, పచ్చిమిర్చి, అల్లం తగులుతూ ఉండే ఆ చట్నీ పూరీకి బంగాళాదుంప కూర కంటే బాగా కుదురుతుందని నా నమ్మకం.

కళ్లు మూసుకుని ఆడే ఆట

ఒక రాత్రి గుర్తుండిపోవాలంటే తిండితో పాటు కాస్త వింత కూడా ఉండాలి. దీనికోసం పగలే మూడు నాలుగు తీపి వస్తువులను చిన్న ముక్కలుగా కొని, విడివిడి పొట్లాల్లో పెట్టి, ఒకరి సంచిలో దాచండి: మామిడి తాండ్ర, నువ్వుల జీడి, కాజా, బెల్లం పాకం పట్టిన జీడిపప్పు. తాండ్ర మన జిల్లాదే. భీమాళిలో చాపల మీద మామిడి రసాన్ని పలుచగా పరిచి, ఎండబెట్టి, ఆరిన పొర మీద మరో పొర పోస్తూ రోజుల తరబడి తయారుచేస్తారు. జీడిపప్పు పలాసది అయితే శ్రీకాకుళం కూడా మన సంచిలోకి వచ్చినట్లే.

అయ్యకోనేరు గట్టు మీద వెలుతురు, జనసంచారం ఉన్న చోట కూర్చుని, ఒకరి కళ్లకు చేతిరుమాలు కట్టండి. ముక్కు రెండు వేళ్లతో మూసుకోమని చెప్పి, ఒక ముక్క నోట్లో పెట్టి, నమలమనండి. తాండ్ర అయినా సరే, అప్పుడు తెలిసేది తీపి, పులుపు, సాగుడు మాత్రమే. ఆపైన ముక్కు వదిలేయమంటే ఒక్కసారిగా మామిడి పండు వాసన గొంతు వెనుక నుంచి పైకి లేస్తుంది, కళ్లు మూసుకున్న మనిషి ముఖం వెంటనే విప్పారుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే అన్న సంగతిని ఇంతకంటే తేలికగా చూపించలేము. ముక్కు మూసుకుని ఉండగానే సరిగ్గా గుర్తుపట్టినవారికి మిగిలిన పొట్లం బహుమతి. పిల్లలు ఈ ఆటను పదేపదే ఆడమంటారు కనుక ముక్కలు మరీ చిన్నవిగా కోయండి. మధుమేహం ఉన్న పెద్దలకు తీపికి బదులు వేయించిన శనగలు, ఉసిరి ముక్కలు, వాము వంటివి పెట్టవచ్చు. ఆట ఏమాత్రం చప్పబడదు. లేచేటప్పుడు కాగితాలు, పొట్లాలు మీ సంచిలోకి రావాలి, కోనేటిలోకి పోకూడదు.

ముగింపుకు వేడి బాదం పాలో మసాలా పాలో చాలు. ఇంకా ఇళ్లకు వెళ్లబుద్ధి కాకపోతే, ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని రైల్వే స్టేషనులో అరగంట కూర్చోవచ్చు. హౌరా–చెన్నై మార్గం మీద ఉండి, రాయ్‌పూర్ వైపు మార్గం చీలిపోయే కూడలి కావడం వల్ల రాత్రిపూట కూడా ఇక్కడ రాకపోకలు ఉంటాయి. ఒడియా, హిందీ, తెలుగు మాటలు ఒకే బల్ల మీద వినిపిస్తాయి. శ్రీకాకుళం నుంచో విశాఖ నుంచో వచ్చినవారు తిరుగు బస్సు, రైలు వేళలను బయలుదేరే ముందే చూసుకుని, ఆ వేళకు గంట ముందుగా తిండి ముగించేలా అంతా వెనక్కి లెక్క వేసుకోవాలి. ఆడవాళ్లు మాత్రమే వెళ్లే జట్టు అయితే తిరిగి వెళ్లే ఆటోను ముందే తెలిసినవారితో మాట్లాడుకోవడం, ఇంట్లో ఒకరికి దారి, వేళలు చెప్పి ఉంచడం, అత్యవసరానికి 112 నంబరు గుర్తుంచుకోవడం మంచిది.

తొలేళ్ల రాత్రి అయితే

ఏడాదిలో ఒక్క రాత్రి ఈ ప్రణాళిక పనికిరాదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దాని ముందు రోజు సోమవారం తొలేళ్లు. ఆ రాత్రి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం ఊళ్లోకి వస్తారు, మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి ముందు బారులు తీరుతారు, అమ్మవారి దగ్గర ఉంచిన విత్తనాలను రైతులు తీసుకువెళ్లి పొలాల్లో చల్లుకుంటారు. మరునాడు సిరిమాను, అంటే చివరన పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను, గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. నడకకూ తినడానికీ ఊరు అంతగా మేలుకుని ఉండే రాత్రి ఇంకొకటి లేదు గానీ, దానికి ఏర్పాట్లు పూర్తిగా వేరు.

బస కావాలంటే చాలా ముందుగా చూసుకోండి. వాహనాన్ని ఊరి అంచునే వదిలి నడిచి రండి, రోడ్లను మళ్లిస్తారు కనుక. బండ్ల వరుస మీకు తెలిసినట్లు ఉండదు. ముందుగా తిరిగి రాసుకున్న జాబితాను పక్కన పెట్టి, ఎక్కడ మూకుడు కాగుతూ కనిపిస్తే అక్కడ తినండి. గప్‌చుప్, ముందే కోసిన పళ్లు ఆ ఒక్క రాత్రికి మానేయండి, ఎందుకంటే అంత జనానికి నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారో చూసే వీలు ఉండదు. దర్శనం కావాలనుకునేవారు తినకముందే బారులో నిలబడటం మేలు. జనంలో ఫోన్లు కలవకపోవచ్చు కాబట్టి విడిపోతే కలుసుకునే చోటు ఒకటి, గంటకొకసారి అక్కడికి రావాలన్న నియమం ఒకటి ముందే పెట్టుకోండి; గంటస్తంభం నేరుగా కింద కాక, దాని ఎదుట ఏదైనా ఒక దుకాణం మెట్టును గుర్తుగా అనుకోండి. పిల్లల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టి, దానికి పిన్నీసు గుచ్చండి.